అత్తమ్మ కోసం పెరట్లో కోళ్ల గూడు: నా అనుభవం

మాది హైదరాబాద్‌కు తూర్పున, ఘట్‌కేసర్ వైపు ఒక కాలనీ. 240 గజాల ప్లాటు. ఇంటి వెనక ప్రహరీ దాకా పద్నాలుగు అడుగుల వెడల్పున మట్టి నేల వదిలాం. అందులో ఒక జామ, ఒక మునగ, గోడ వెంట కరివేపాకు. అక్కడ కోళ్లు పెంచుదామన్న మాట మా ఇంట్లో 2024 డిసెంబరు చివర్లో పుట్టింది. కోళ్లు గూట్లోకి దిగింది మాత్రం 2025 సెప్టెంబరు 14, ఆదివారం నాడు. గూడు కట్టడానికి పట్టింది మహా అయితే వారం పది రోజులు. మిగతా నెలలన్నీ ఎక్కడికి పోయాయో, దేనికెంత ఖర్చయిందో, ఏవి అనుకోకుండా ఎదురయ్యాయో రాసిపెడితే మాలాగే చిన్న పెరడున్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కోళ్లు అత్తమ్మ కోసం. మామయ్య పోయాక ఆమె సూర్యాపేట దగ్గరి ఊరు వదిలి మా దగ్గరికి వచ్చింది. తెల్లారగానే గంప లేపి కోళ్లను వదలడం, మాపటికి లెక్క చూసుకుని మళ్లీ కమ్మడం నలభై ఏళ్లుగా చేసిన మనిషి. ఇక్కడ కూడా ఐదింటికే లేచేది. చేయడానికి పనేమీ లేక వరండాలో కూర్చుని రోడ్డు చూస్తుండేది. అలా చూసినప్పుడల్లా నాకు మనసు పట్టేది కాదు. మా ఆయన కోళ్ల మాట ఎత్తగానే నేను సరేనన్నది అందుకే.

ఒప్పుకోనిది అత్తమ్మే. "ఊళ్లె అయితె కోడి వాడంత తిరిగి మేస్తది. గీ నాలుగు గోడల నడుమ పెట్టి దాన్ని ఏం జేస్తరు? పాపం బిడ్డా" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎన్ని కోళ్లు పెట్టొచ్చు అని కాకుండా, ఎంత చోటిస్తే ఆ కోడి తిరిగినట్టు ఉంటుంది అని లెక్క మొదలుపెట్టింది అప్పుడే. రాత్రి పడుకునే గూట్లో కోడికి నాలుగు చదరపు అడుగులు, పగలు తిరిగే ఇనుప జాలి గదిలో పది చదరపు అడుగులకు తగ్గకుండా ఇవ్వాలనుకున్నాం. మా పెరట్లో ఆ లెక్కకు ఆరు కోళ్లు పట్టాయి. పదిహేను పెంచుదామన్న మా ఆయన ముచ్చట అక్కడితో ఆగిపోయింది.

జనవరి అంతా చోటు చూడటంతో గడిచింది. మా మేనమామకు షామీర్‌పేట అవతల లేయర్ ఫారం, అంటే గుడ్ల కోళ్ల ఫారం ఉంది. ఆయన వచ్చి ముందు అడిగింది గూడు గురించి కాదు, దిక్కుల గురించి. కోళ్ల షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంచుతారు. అలా ఉంటే పొద్దుటి ఎండా సాయంత్రం ఎండా పొడుగు వైపు నుంచి లోపలికి కొట్టవు, ఉత్తర దక్షిణాల నుంచి గాలి ఆడుతుంది. ఒక సెలవు రోజున పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడ ఎక్కడెక్కడ పడుతోందో నేల మీద సున్నంతో గీతలు గీశాం. జామచెట్టు కింద మూల అన్నిటికంటే చల్లగా ఉంది. కానీ ఆ గోడకు అవతల పక్కింటివాళ్ల పూజ గది కిటికీ. రెండో మూలలో సెప్టిక్ ట్యాంకు మూత. మిగిలింది మునగచెట్టు వైపు ఖాళీ. అక్కడ మధ్యాహ్నం ఎండ ఎక్కువ, ఎవరి కిటికీకీ దగ్గర కాదు. చల్లటి చోటు వదులుకుని ఎండ చోటు తీసుకోవడానికి మాకు చాలా రోజులు మనసొప్పలేదు.

ఫిబ్రవరిలో వెల్డింగు పని మొదలుపెడదామనుకుంటుండగా ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిందన్న వార్త వచ్చింది. ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల బండ్లను తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆపేశారు. చికెన్ షాపుల ముందు మనుషులు లేరు. మా బాబుకి ఏడేళ్లు. వాడు రోజూ చేతులు పెట్టి ఎత్తుకునే కోళ్లను ఇప్పుడు తెద్దామా అని నాకే భయం వేసింది. కోళ్ల మాట పక్కన పెట్టేశాం. అత్తమ్మ ఏమీ అనలేదు కానీ, అప్పటికే ఆమె కూడా మనసులో ఒప్పుకుని ఉందని ఆ మౌనం చూశాకే తెలిసింది.

ఆ నెలల్లో మేనమామ దగ్గర నేర్చుకున్నదే గూడు పైకప్పును మార్చింది. మేం మొదట గీసిన బొమ్మలో తిరిగే చోటుకు పైన జాలి లేదు, ఎత్తైన కంచె మాత్రమే ఉంది. బయటి పక్షుల రెట్ట వల్ల కూడా ఆ జబ్బు అంటుతుంది. మా కాలనీలో పావురాలు ఎన్నో లెక్కలేదు, ఎక్కడ నాలుగు గింజలు కనిపిస్తే అక్కడ వాలతాయి. కాబట్టి పైనా జాలి వేయాలి. మేత, నీళ్ల గిన్నె ఆరుబయట ఉండకూడదు, కప్పు కిందే ఉండాలి. గూట్లోకి వెళ్లే చెప్పులు వేరు, అవి గేటు దగ్గరే విడవాలి. పైజాలి ఒక్కదానికే నాలుగు వేల దాకా అదనం. ఆ డబ్బు గురించి ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు.

మే నెల ఇంకో పాఠం. కోడికి చెమట పట్టదు. వేడెక్కితే నోరు తెరిచి రొప్పడం, రెక్కలు విప్పి నిలబడటం తప్ప దానికి వేరే దారి లేదు. మేడ మీద ఇల్లు కట్టినప్పటి ఇనుప రేకు ఒకటి మిగిలి ఉంది. దాన్ని మునగచెట్టు వైపు నాలుగు ఇటుకల మీద పెట్టి మధ్యాహ్నం రెండింటికి చూస్తే చెయ్యి ఆనించలేకపోయాం. దాని కింద వంగి కూర్చున్న మా ఆయన రెండు నిమిషాల్లో లేచి వచ్చేశాడు. ఇనుప రేకు వద్దని ఆ మధ్యాహ్నమే తేల్చుకున్నాం. సిమెంటు రేకు, దాని మీద తాటి కమ్మలు, చూరు రెండడుగులు బయటికి. గూడుకు ఉత్తరం, దక్షిణం పూర్తిగా జాలి. పడమర ఒక్కటే మూసి ఉండాలి. "గోడలెందుకు? గాలి ఆడాలె. చలికి కోడి సావదు, ఉక్కకు సస్తది" అని అత్తమ్మ అప్పటికే ఒకటికి రెండుసార్లు చెప్పి ఉంది. వానాకాలంలో వాన జల్లు పడకుండా పైనుంచి దించే పట్టా పరదాలు చాలంది. అవే పెట్టాం.

జూన్‌లో అసలు పని. పక్కింటివాళ్లతో మాట్లాడాలి.

మున్సిపాలిటీ వార్డు ఆఫీసులో అడిగితే ఇంట్లో తినడానికి నాలుగైదు కోళ్లు పెంచుకుంటే ఫరవాలేదు గానీ వాసన, చప్పుడు అని ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాత్రం తీయించాల్సి వస్తుందన్నారు. అంటే మా గూడు ఉంటుందా పోతుందా అన్నది పక్కింటి అంకుల్, ఆంటీల చేతిలో ఉంది. వాళ్లు గుడ్డు కూడా ముట్టనివాళ్లు. అంకుల్ బ్యాంకులో చేసి రిటైరయ్యారు. మేం ఇల్లు కట్టేటప్పుడు మోటరు లేకపోతే నెలల తరబడి వాళ్ల బోరు నీళ్లే ఇచ్చారు. వాళ్లను ఇబ్బంది పెట్టి కోళ్లు పెంచుకునేంత మనసు మాకు లేదు. వద్దంటే మానేద్దామని నిర్ణయించుకునే వెళ్లాం. వెళ్లే ముందు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

అంకుల్ కోపం చేసుకోలేదు. కాగితం మీద గీసిన బొమ్మ తీసుకుని చాలాసేపు చూశారు. "వాసన సంగతేంటమ్మా? ఈగలు? పొద్దున మూడింటికే పుంజు కూస్తే మీ ఆంటీకి మళ్లీ నిద్ర పట్టదు. ఇంకోటి, మేత ఉంటే ఎలుకలొస్తాయి, ఎలుకలుంటే పాములొస్తాయి" అన్నారు. ఒక్కటి కూడా కాదనగలిగే మాట కాదు. వారం గడువు అడిగి ఇంటికొచ్చాం.

ఆ వారంలో గూడు బొమ్మ మళ్లీ మొదటి నుంచీ గీశాం. కోడి రాత్రి కర్ర మీద కూర్చుని వేసే రెట్టే ఎక్కువ, వాసనకు మూలం అదే. కర్రల కింద సొరుగులా బయటికి లాగే రేకు ట్రే పెడితే రోజూ పొద్దున తీసేయొచ్చు. నేల మీద నాలుగంగుళాల వరి ఊక. అది పొడిగా ఉన్నంతకాలం వాసన రాదు, తడిస్తేనే వస్తుంది, కాబట్టి నీళ్ల గిన్నె ఊక మీద కాకుండా ఇటుకల మీద. మేతకు మూత ఉన్న ఇనుప డ్రమ్ము, రాత్రి మేత గిన్నె లోపలికి. జాలి కన్ను అరంగుళం, చిట్టెలుక దూరనంత. ఇక పుంజు ఉండదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, అవి పొదిగితే పిల్లలు కావు, అంతే తేడా. కోడి కూత వినాలన్నది అత్తమ్మ ఒకే ఒక్క కోరిక. ఆమే ముందుగా "పుంజు వద్దులే బిడ్డా, వాళ్లకు మాటిద్దాం" అంది.

జూన్ 22న మళ్లీ వెళ్లి ఇవన్నీ చెప్పాం. అంకుల్ సరేనన్నారు. కాలనీ సంఘానికి ఇచ్చే కాగితం మీద అభ్యంతరం లేదని ఆయనే ముందు సంతకం పెట్టారు. అవతలి పక్క అక్కావాళ్లు గుడ్లిస్తే చాలన్నారు. ఇంటికి తిరిగొచ్చాక నాకు ఏడుపొచ్చింది.

మేం పడ్డ ఒక్కో భయం ఈ గూట్లో ఒక్కో కొలతగా మారింది. మిగిలిన భయం రాత్రిది. పగలు కుక్కలు, రాత్రి పిల్లులు అని మేం అనుకుంటుంటే అత్తమ్మ తల అడ్డంగా ఊపింది. "పిల్లి ఒకదాన్ని ఎత్కపోతది. ముంగిస జొరబడితె అన్నిట్ని కొరికి పడేస్తది" అంది. మా వెనక వీధిలో ఖాళీ ప్లాట్ల నిండా తుమ్మచెట్లు, వాటిలో ముంగిసలు పట్టపగలే తిరుగుతాయి. ముంగిస జాలి కొరకదు, కింద మట్టి తవ్వి వస్తుంది. పందికొక్కు కూడా అంతే. అందుకు జాలిని నేల దగ్గర ఆపకుండా బయటివైపుకు వంచి అడుగున్నర మేర మట్టి కింద పరిచాం. తవ్వడానికి వచ్చిన జంతువు కంచె పక్కనే తవ్వుతుంది, గోళ్లకు జాలి తగులుతుంది, వెనక్కి పోతుంది. ఈ ఉపాయం మేనమామది.

రెడీమేడ్ గూళ్లు కూడా చూశాం. నాలుగడుగులు, మూడడుగుల చెక్క గూడు 22,000 అన్నారు. ఎత్తు నడుం దాకా కూడా లేదు. శుభ్రం చేయడానికి అత్తమ్మ వంగి పాకాలి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. మా గూడులో నేను పట్టుబట్టింది ఒక్కటే, తిరిగే చోటు ఆరున్నర అడుగుల ఎత్తు ఉండాలి, మనిషి నిలబడి లోపలికి వెళ్లాలి. అది నేననుకున్నదానికంటే ఎక్కువ మేలు చేసింది. ఇవాళ అత్తమ్మ స్టూలు వేసుకుని లోపలే కూర్చుంటోంది.

ఆషాఢం బోనాల రోజుల్లో వెల్డింగు అన్న దొరకలేదు. పండగ అయ్యాక జులై చివరి వారంలో వచ్చాడు. గూడు ఆరడుగులు, నాలుగడుగులు, నేలకు రెండడుగుల ఎత్తులో నాలుగు కాళ్ల మీద. దాన్ని ఆనుకుని పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున జాలి గది. అరంగుళం వెల్డెడ్ మెష్ నాలుగడుగుల వెడల్పు, యాభై అడుగుల పొడవున్న చుట్టలు రెండు పట్టాయి, 9,400. ఇనుము 7,600, కూలి 6,500, సిమెంటు రేకులు 2,900. చెక్కలు, రంగు, గొళ్లేలు, తాళం, ఆటో అన్నీ కలిపితే మొత్తం 30,500 అయింది. తాటి కమ్మలు అత్తమ్మ తమ్ముడు ఊరి నుంచి ట్రాలీలో పంపాడు, అవి ఈ లెక్కలో లేవు. మేం ముందు అనుకున్నది 18,000. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం జాలిదే. ఆరు కోణాల కన్నులుండే మామూలు కోళ్ల జాలి అయితే మూడో వంతు ధరకే వస్తుంది, కానీ వీధి కుక్క పళ్లతో లాగితే ఊడిపోతుందని వెల్డింగు అన్నే వద్దన్నాడు. ఆయన ఇంట్లో అలా పోయాయట.

లోపల అమరికలో అత్తమ్మ మాటే చెల్లింది. కూర్చునే కర్ర గుండ్రటి పైపు కాకుండా చదరపు చెక్క, మూలలు నున్నగా తీసి. కాలు పూర్తిగా ఆనాలి, జారకూడదు. గుడ్లు పెట్టడానికి టమాటా క్రేట్లు రెండు, ముందు గోనె గుడ్డ తెర. పెట్టకు చీకటి ఉంటేనే కూర్చుంటుందట. అవి కర్రకంటే కింద ఉండాలి, లేకపోతే రాత్రి ఎత్తుగా ఉన్న క్రేట్లలోనే పడుకుని పాడుచేస్తాయి.

ఇక కోళ్లు. నాటు కోళ్లు పెడదామని అత్తమ్మ, కడక్‌నాథ్ అనే నల్లకోళ్లు అని మా ఆయన ఆఫీసు స్నేహితులు. మేనమామ గ్రామప్రియ అన్నాడు. రాజేంద్రనగర్ పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు పెరటి పెంపకానికే తయారు చేసిన రకం అది. వాళ్లదే వనరాజా కూడా, కానీ అది ఒళ్లు బరువైనది, మాంసానికీ గుడ్లకీ. గ్రామప్రియ గుడ్ల కోసం. ఒక్కరోజు పిల్లలు చవకే గాని వాటికి బల్బు కింద మొదటి వారం 35 డిగ్రీల వేడి ఇస్తూ, వారం వారం తగ్గిస్తూ ఆరు వారాలు సాకాలి. పైగా వాటిలో సగం పుంజులు. అంకుల్‌కి మాటిచ్చాక ఆ దారి మాకు లేదు. ఎనిమిది వారాలు పెరిగి, జుట్టు చూసి పెట్టా పుంజూ తెలిసే వయసు పిల్లలే కావాలి.

అలాంటివి అమ్మేవాళ్లు తక్కువ. ఒకాయనకు జులై ఆఖరున అడ్వాన్సు ఇచ్చాం. మూడు వారాలన్నాడు. ప్రతి శుక్రవారం ఫోను చేస్తే "వచ్చే వారం మేడం" అనేవాడు. గూడు ఖాళీగా, రంగు మెరుస్తూ నిలబడి ఉంటే బాబు రోజూ స్కూలు నుంచి రాగానే చూసి వచ్చేవాడు. ఆగస్టు చివర్లో ఇస్తానంటే ఈసారి నేనే వద్దన్నాను. ఆగస్టు 27 వినాయక చవితి, మా గల్లీ చివరే మండపం. నిమజ్జనం దాకా డీజే మోత. కొత్త చోటికి వచ్చిన పిల్లలు ఆ చప్పుడుకు మేత ముట్టవని మేనమామ చెప్పాడు. సెప్టెంబరు 6న నిమజ్జనం అయ్యాక ఇంకో వారం ఆగి 14న, ఆదివారం తెచ్చుకున్నాం. ఒక్కోటి 280, ఆరింటికి 1,680.

అట్టపెట్టెలోంచి దించగానే అవి పరుగులు తీస్తాయనుకున్నాం. ఆరూ ఒక మూలకు చేరి ఒకదాని కింద ఒకటి దూరి చీకటి పడేదాకా కదల్లేదు. బెల్లం నీళ్లు పెట్టాం, అత్తమ్మ పట్టుకుని ఒక్కోదాని ముక్కు ముంచితే తాగాయి. మొదటి నాలుగైదు రోజులు జాలి గదిలోకి వదలకుండా గూట్లోనే ఉంచాలి, అప్పుడే అది తమ చోటని వాటికి తెలుస్తుంది. ఆ తర్వాత కూడా సాయంత్రం తమంతట తాము ఎక్కలేదు. మెట్ల పలక కింద ముద్దగా కూర్చునేవి. చీకట్లో టార్చి పట్టుకుని ఒక్కోదాన్ని ఎత్తి కర్ర మీద కూర్చోబెట్టడం మా ఇంటిల్లిపాదికీ రెండు వారాల పని అయింది. తర్వాత ఒక సాయంత్రం ముందు ఒకటి ఎక్కింది, దాని వెనకే మిగతావి.

టీకా దగ్గర మాకు తెలియనిది ఒకటి ఎదురైంది. అమ్మినాయన చిన్నప్పటి టీకాలు వేయించానన్నాడు. ఎనిమిది వారాలు దాటాక కొక్కెర తెగులు (రాణిఖెట్ అనే అంటుజబ్బు) రాకుండా ఆర్‌టూబీ అనే టీకా సూది వేయించాలి. అది వేయించకపోతే, ఆ తెగులు ఒక్కసారి తగిలిందంటే గూడు ఖాళీ. పశువుల ఆసుపత్రికి వెళ్తే మందు సీసా వంద కోళ్లకు సరిపడేది అన్నారు. కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయడమే. ఆరు కోళ్లకోసం సీసా తెరవడానికి వాళ్లకు మనసొప్పలేదు, మాకూ ఒప్పలేదు. "ఇంకా కోళ్లున్నవాళ్లను జమ చేసి చెప్పండి, ఒక పొద్దున వేసేద్దాం" అన్నారు.

కాలనీ వెనక పాత ఊరుంది. ఇన్నేళ్లుగా మేం అటు వెళ్లింది పాల కోసమే. అత్తమ్మ చెప్పులేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరింట్లో ఎన్ని పెట్టలు, ఎన్ని పిల్లలు అని బాబు నోట్‌బుక్కులో రాయించింది. సెప్టెంబరు 24న పొద్దున ఆరింటికి, కోళ్లు ఇంకా గంపల కింద ఉండగానే, ఐసు పెట్టెలో మందు తెచ్చి ఆ ఊళ్లో, మా పెరట్లో కలిపి ఎనభైకి పైగా కోళ్లకు వేశారు. ఆ రోజు నుంచి అత్తమ్మకు ఈ ఊళ్లో మనుషులున్నారు. సాయంత్రం ఎవరో ఒకరు "అక్కా" అంటూ గేటు తీస్తున్నారు. గూడుకి పెట్టిన 30,500లో నాకు దక్కిన ఫలం ఇదే అనిపిస్తుంది.

రెండు రోజులకే వానలు. సెప్టెంబరు 26 రాత్రి మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చిన వాన అది. మా పెరట్లో చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. గూడు కాళ్ల మీద ఉండటంతో లోపల ఊక పొడిగానే ఉంది. తిరిగే చోటు మాత్రం రెండు రోజులు బురద. నీళ్లు తగ్గాక ఆ నేల మీద ఒక ట్రాక్టరు ఇసుక పోయించాం, మూడు వేలు. తడి తగిలిన చోట ఊక గడ్డ కడుతుంది. గడ్డలు ఏరి బయట పారేసి, గుప్పెడు పొడి సున్నం చల్లి కలియబెడితే రెండో రోజుకు వాసన పోతోంది. దీపావళి రాత్రి బాణసంచాకు గూడు చుట్టూ గోనె సంచులు కట్టి, అత్తమ్మ పదకొండింటి దాకా పక్కనే కూర్చుంది.

నవంబరు మొదటి వారంలో ఆరింట్లో ఒకదాని జుట్టు మిగతావాటికంటే ఎర్రగా, పెద్దగా పెరిగింది. ఒక తెల్లవారుజామున గొంతు పట్టేసినట్టు కూసింది. ఎనిమిది వారాలప్పుడు పెట్టనే ఇచ్చారు, జుట్టు కూడా చిన్నదే. అలా ఆలస్యంగా బయటపడేవి ఉంటాయట. అత్తమ్మ ఆ కూత విని నవ్వుతూ బయటికొచ్చింది, మరుక్షణమే పక్కింటి వైపు చూసింది. ఆ రోజే అంకుల్ దగ్గరికి వెళ్లి చెప్పాం. "పాపం, ఉండనీయండి కొన్నాళ్లు" అన్నారు ఆయన. ఇచ్చిన మాట ఇచ్చిందే. ఆదివారం దాన్ని అత్తమ్మ తమ్ముడింటికి పంపాం, కోయకూడదని మాట తీసుకుని. బాబు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. దాని బదులు ఇంకో పెట్టను తెద్దామంటే అత్తమ్మ వారించింది. ఒంటరిగా కొత్త కోడిని దించితే పాత ఐదూ పొడిచి చంపుతాయంది. పుంజు రావడానికి అవకాశం ఉందని ముందే అనుకుని ఏడు తెచ్చుకోవడం మంచిది. కొనేటప్పుడు, పుంజు తేలితే వెనక్కి తీసుకుంటారా అని కూడా అడగాలి.

ఇప్పుడు 2026 జనవరి. చలికాలంలో పగలు తక్కువ కాబట్టి గుడ్లు ఆలస్యమవుతాయని మేనమామ అన్నట్టే, మొదటి గుడ్డు ఈ నెల 3న వచ్చింది, చిన్నది, లేత గోధుమ రంగుది. ఇప్పుడు రోజుకు రెండు మూడు. మొదటి గుడ్డు దాకా ఎదిగే పిల్లలకు పెట్టే గ్రోయర్ మేతే పెట్టాం. గుడ్లు పెట్టే కోళ్లకిచ్చే లేయర్ మేతలో సున్నం ఎక్కువ, ఎదిగే పిల్లలకు అది మంచిది కాదు. ఐదు కోళ్లకు నెలకు 18 కిలోల మేత, ఇప్పటి ధరకు 750 రూపాయలు. ఇంట్లో కూరగాయల తొక్కలు, మునగాకు, ఊరి నుంచి వచ్చే నూకలు దీనికి అదనం. గుడ్ల లెక్కలో ఇది గిట్టుబాటు కాదు. కొట్లో కొనడమే చవక. ట్రేలో రెట్ట పచ్చిగా చెట్లకు వేస్తే వేర్లు మాడతాయి. ఎండుటాకులు కలిపి డ్రమ్ములో మూడు నెలలు మాగబెట్టిన ఎరువు మొదటిసారి పోయిన వారం కరివేపాకుకు వేశాం. ఆంటీ తమ తులసికోట కోసం ఒక బకెట్టు అడిగి తీసుకెళ్లారు.

ఫిబ్రవరి ఆఖరుకల్లా ఒక పని కావాలి. మునగచెట్టు వైపు పడమటి ఎండ ఏప్రిల్, మే నెలల్లో జాలి గదిలోకి సూటిగా వస్తుంది. వెల్డింగు అన్నతో మాట్లాడాం. పడమర వైపు ఆరడుగుల దూరంలో రెండు పైపులు పాతి షేడ్ నెట్ కట్టడానికి, గోనె సంచులు తడిపి వేలాడదీసే కొక్కేలతో సహా 2,800 అడిగాడు. శివరాత్రి తర్వాత వస్తానన్నాడు. ఆలోగా తాటి కమ్మలు ఇంకో పొర వేయించాలని అత్తమ్మ తమ్ముడికి ఫోను చేసి చెప్పేసింది.